250 పోలింగ్ కేంద్రాలు, ఐదు చీటీలు: వీవీప్యాట్ వివాదం వెనుక ఉన్న సంభావ్యత లెక్క

2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఒక అంకెను మార్చింది. అప్పటిదాకా ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో (లోక్‌సభ స్థానంలో భాగమైన ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో) ఒకే ఒక్క పోలింగ్ కేంద్రానికి సంబంధించిన వీవీప్యాట్ స్లిప్పులను, అంటే ఓటు ఎవరికి పడిందో చూపుతూ యంత్రం అచ్చువేసే కాగితాలను, లెక్కించి ఈవీఎం చూపిన ఓట్లతో సరిపోల్చేవారు. ఆ ఒకటిని ఐదు చేయాలని కోర్టు ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సహా 21 మంది ప్రతిపక్ష నాయకులు కోరింది ఐదు కాదు, సగం కేంద్రాలు. ఆదేశం వచ్చిన మూడో రోజున, ఏప్రిల్ 11న, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓటర్లు వరుసల్లో నిలబడి ఓటు వేశారు.

ఓట్ల లెక్కింపు దగ్గర పడిన ప్రతిసారీ ఈ వాదన మళ్ళీ తల ఎత్తుతుంది. దేశమంతటా పది లక్షలకు పైగా పోలింగ్ కేంద్రాలుంటే ఇరవై వేలు చూసి సరిపెట్టుకుంటారా అని కొందరు అడుగుతారు. ఇరవై వేలు ఎందుకు, 479 చూసినా చాలని గణాంక నిపుణులే తేల్చారు కదా అని మరికొందరు బదులిస్తారు. విచిత్రమేమిటంటే ఈ ఇద్దరి లెక్కా సరైనదే. ఇద్దరూ వాడేది ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకంలో ఎర్రబంతులు, నల్లబంతుల రూపంలో మనమందరం చూసిన సూత్రమే: సంచిలోంచి తీసినదాన్ని తిరిగి వేయకుండా తీయడం. తేడా సూత్రంలో లేదు. ఏది సంచి అన్న చోట ఉంది. అక్కడికి చేరాలంటే ముందు సూత్రం చేతికి రావాలి.

పది చీటీలు, మూడు గుర్తులు

పెద్ద అంకెలను పక్కన పెట్టి చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఒక డబ్బాలో పది మడత చీటీలున్నాయి. వాటిలో మూడింటి మీద గుర్తు ఉంది. కళ్ళు మూసుకుని ఒకటి తీస్తే అది గుర్తున్న చీటీ అయ్యే అవకాశం పదింట మూడు.

తీసిన చీటీని తిరిగి డబ్బాలో వేసి కలిపేస్తే రెండోసారీ అదే పదింట మూడు. డబ్బాకు గతం గుర్తుండదు. తిరిగి వేయకపోతే మాత్రం డబ్బాలో తొమ్మిదే మిగులుతాయి. మొదటిది గుర్తున్నదైతే రెండోదానికి అవకాశం తొమ్మిదింట రెండు. మొదటిది ఖాళీదైతే తొమ్మిదింట మూడు. ఇలా ముందు జరిగినది తెలిసినప్పుడు లెక్కగట్టే అవకాశాన్ని నియత సంభావ్యత అంటారు.

మూడు చీటీలు తీస్తే ఒక్కటీ గుర్తున్నది రాకపోయే అవకాశం ఎంత? ఒక్కో అడుగులో ఖాళీ చీటీలు ఎన్ని, మొత్తం ఎన్ని అని చూసి గుణించుకుంటూ పోవాలి. 7/10 × 6/9 × 5/8 = 210/720, అంటే 29.2 శాతం. కాబట్టి కనీసం ఒకటైనా గుర్తున్నది దొరికే అవకాశం 70.8 శాతం. తిరిగి వేస్తూ తీస్తే ఏమీ దొరకకపోయే అవకాశం 0.7 × 0.7 × 0.7, అంటే 34.3 శాతానికి పెరుగుతుంది. తిరిగి వేసినప్పుడు చూసిన ఖాళీ చీటీనే మళ్ళీ చూసే ప్రమాదం ఉంది. తిరిగి వేయకపోతే ప్రతి చీటీ ఒక కొత్త సంగతి చెబుతుంది. తనిఖీలన్నీ సాధారణంగా తిరిగి వేయకుండానే జరగడానికి కారణం ఇదే.

“కనీసం ఒకటి” కాకుండా “సరిగ్గా ఒకటి” కావాలంటే సంయోగాలు (వరుస పట్టించుకోకుండా ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో చెప్పే లెక్క) పనికొస్తాయి. గుర్తున్న మూడింటిలోంచి ఒకదాన్ని 3 విధాలుగా, ఖాళీ ఏడింటిలోంచి రెండింటిని 21 విధాలుగా ఎంచుకోవచ్చు. పదిలోంచి మూడింటిని 120 విధాలుగా ఎంచుకోవచ్చు. కనుక 63/120, అంటే 52.5 శాతం. గణాంక శాస్త్రంలో దీన్ని హైపర్‌జియోమెట్రిక్ విభాజనం అంటారు. పేరు భారీగా ఉన్నా పని ఇంతే.

ముందు తీసినవారికి లాభమా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. చీటీలు తరిగిపోతున్నాయి కాబట్టి చివర తీసేవారికి అన్యాయం జరుగుతుందని, లేదా మొదట తీసేవారికే ముప్పు ఎక్కువని చాలామంది నమ్ముతారు. మద్యం దుకాణాల లైసెన్సుల డ్రా దగ్గరైనా, ఇళ్ళ స్థలాల లాటరీ దగ్గరైనా ఈ అనుమానం వినిపిస్తుంది.

రెండో చీటీ గుర్తున్నది కావడానికి రెండు దారులున్నాయి. మొదటిది గుర్తున్నదై రెండోదీ గుర్తున్నది కావచ్చు: 3/10 × 2/9 = 6/90. మొదటిది ఖాళీదై రెండోది గుర్తున్నది కావచ్చు: 7/10 × 3/9 = 21/90. రెండూ కలిపితే 27/90, అంటే మళ్ళీ పదింట మూడే. ఐదో చీటీకి చేసినా, పదో చీటీకి చేసినా ఇదే జవాబు వస్తుంది.

మరి ఇందాక తొమ్మిదింట రెండు అన్నాం కదా? అది మొదటి చీటీ విప్పి చూశాక. విప్పకుండా పక్కన పెడితే రెండో చీటీ విషయంలో మనకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. ఇంకా ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. మొదటి చీటీని విప్పకుండా చేతిలో ఉంచుకుని, రెండోది తీసి విప్పారనుకోండి. అది గుర్తున్నది అని తేలితే, ముందే తీసిన ఆ మొదటి చీటీ గుర్తున్నది అయ్యే అవకాశం పదింట మూడు నుంచి తొమ్మిదింట రెండుకు పడిపోతుంది. తర్వాత జరిగినది ముందు జరిగినదాన్ని మార్చలేదు. మన ఎరుక మారింది, దానితో లెక్క మారింది. సంభావ్యత చీటీలో ఉండదు, చీటీ గురించి మనకు తెలిసినదానిలో ఉంటుంది. ఈ ఒక్క మాట పట్టుబడితే మిగతా అధ్యాయమంతా తేలికవుతుంది.

ఒక అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు చీటీలు

ఇప్పుడు లెక్కింపు కేంద్రానికి వెళదాం. ఎన్నికల సంఘం నియమం ప్రకారం వీవీప్యాట్ ఎంపిక అచ్చంగా చీటీలు తీయడమే. ఎన్ని పోలింగ్ కేంద్రాలుంటే అన్ని పోస్టుకార్డు సైజు తెల్ల కాగితాల మీద కేంద్రాల నంబర్లు ముద్రిస్తారు. నంబరు కనబడకుండా నాలుగు మడతలు పెట్టి ఒక పాత్రలో వేసి కలిపి, అభ్యర్థులు లేదా వారి ఏజెంట్ల ఎదుట రిటర్నింగ్ అధికారి తీస్తారు. తీసినది తిరిగి వేయరు.

లెక్క సులువుగా ఉండటానికి ఒక సెగ్మెంటులో 250 పోలింగ్ కేంద్రాలున్నాయనుకుందాం. వాటిలో ఐదు చోట్ల, అంటే 2 శాతం చోట్ల, ఈవీఎం లెక్కకూ స్లిప్పుల లెక్కకూ పొంతన లేదని ఊహిద్దాం. ఇది కేవలం లెక్క కోసం చేసిన ఊహ. ఒకే చీటీ తీసే పాత పద్ధతిలో అలాంటి కేంద్రం దొరికే అవకాశం 2 శాతమే. ఐదు తీస్తే ఒక్కటీ దొరకకపోయే అవకాశం:

245/250 × 244/249 × 243/248 × 242/247 × 241/246 = 0.903

అంటే బయటపడే అవకాశం 9.7 శాతం. తేడా ఉన్నవి 25 అయితే, అంటే పదో వంతు అయితే, పట్టుబడే అవకాశం 41 శాతానికి చేరుతుంది. ఇదే లెక్కను తిరగేసి చూస్తే మరింత గట్టిగా తగులుతుంది. ఐదు చీటీలకు ఐదూ సరిపోయాయి. దాన్నిబట్టి ఆ సెగ్మెంటు గురించి ఏమి చెప్పగలం? తేడా ఉన్న కేంద్రాలు 111 ఉన్నా, ఐదూ సరిగ్గా వచ్చే అవకాశం 5 శాతానికి కాస్త పైనే ఉంటుంది. కాబట్టి ఆ ఒక్క సెగ్మెంటు వరకే చూస్తే, ఐదు చీటీలు చాలా పెద్ద తప్పును మాత్రమే నమ్మకంగా తోసిపుచ్చగలవు.

ప్రతిపక్షాలు కోరిన సగం సంగతి? 125 చీటీలు తీస్తే 125 భిన్నాలను గుణించనక్కర్లేదు. వైపు మార్చి చూస్తే చాలు. తేడా ఉన్న ఐదూ, మనం తీయని 125లోనే ఇరుక్కుపోయే అవకాశం ఎంత అని అడగండి. 125/250 × 124/249 × 123/248 × 122/247 × 121/246, అంటే సరిగ్గా 3 శాతం. ఐదు గుణకారాలతో తేలిపోయింది: సగం చూస్తే 97 శాతం అవకాశంతో తేడా బయటపడుతుంది.

పెద్ద సంచికి పెద్ద నమూనా అక్కర్లేదా?

ఇప్పుడు అసలైన చిక్కు. 2 శాతం తేడా ఉంటే దాన్ని 99 శాతం నమ్మకంతో పట్టుకోవాలని లక్ష్యం పెట్టుకుందాం. 250 కేంద్రాల సెగ్మెంటులో అందుకు 150 చీటీలు తీయాలి. అంటే అరవై శాతం. ఇలాంటి 175 సెగ్మెంట్లను కలిపి, 43,750 కేంద్రాల చీటీలను ఒకే పెద్ద పాత్రలో వేశామనుకోండి. అదే 2 శాతాన్ని అదే 99 శాతం నమ్మకంతో పట్టుకోవడానికి ఎన్ని కావాలి? 228కి అటూ ఇటుగా. అర శాతం కంటే కాస్త ఎక్కువ, అంతే. సంచి 175 రెట్లు పెరిగితే తీయాల్సిన చీటీలు ఒకటిన్నర రెట్లే పెరిగాయి.

చీటీలను తిరిగి వేస్తూ తీసినా కావలసింది 228 చీటీలే. 0.98ని 228 సార్లు గుణిస్తే 0.01కి దిగువకు వస్తుంది, అంతకు ముందు రాదు. ఇందులో సంచి పరిమాణానికి చోటే లేదు. సంచి చాలా పెద్దదైనప్పుడు కొన్ని వందల చీటీలు తీసినా మిగిలినవాటి నిష్పత్తి దాదాపు మారదు కాబట్టి, తిరిగి వేసినా వేయకపోయినా ఒకటే. అక్కడ ప్రతిసారీ అవకాశం మారదనుకునే సరళమైన ద్విపద విభాజనం సరిపోతుంది. సంచి చిన్నదైనప్పుడు మాత్రం తీసిన ప్రతి చీటీ మిగిలినవాటి గురించి ఎక్కువ చెబుతుంది. అందుకే 228కి బదులు 150తో పని జరిగింది. నమూనా సైజు సంచితో పాటు దామాషాలో పెరగాలన్న ఊహ సహజమే గానీ తప్పు. “రెండు శాతమే చూశారు” అన్న విమర్శ ఆ ఒక్క మాట మీదే నిలబడితే దానికి బలం లేదు.

479 ఎక్కడి నుంచి వచ్చింది

ఎన్నికల సంఘం ఈ ప్రశ్నను భారత గణాంక సంస్థకు అప్పగించింది. గణాంక శాస్త్రవేత్త, మన సి.ఆర్. రావు దశాబ్దాల పాటు పనిచేసిన సంస్థ అది. 2019 మార్చిలో ఇచ్చిన నివేదికలో నిపుణులు చెప్పింది ఇది: దేశంలోని యంత్రాల్లోంచి యాదృచ్ఛికంగా 479 తీసి చూస్తే, అన్నీ సరిపోతే, తేడా ఉన్నవి 2 శాతం కంటే తక్కువని 99.9936 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. 0.98ని 479 సార్లు గుణించి చూడండి. పది వేలలో ఒకటి కన్నా తక్కువ వస్తుంది. ఆ ఎన్నికల్లో సుమారు 10.35 లక్షల పోలింగ్ కేంద్రాలున్నాయి. అవి లక్షే అయినా జవాబు ఇంచుమించు అదే ఉండేది.

దీనికి ఎన్నో రెట్లు ఎక్కువగా, 4,125 సెగ్మెంట్లలో ఒక్కోచోట ఐదు చొప్పున 20,625 చూస్తున్నామన్నది ఎన్నికల సంఘం పక్షాన బలమైన వాదన. లెక్క తప్పు పట్టలేనిది.

ఏది సంచి?

వాదులాట అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అన్నం ఉడికిందా లేదా అని ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. ఒకే గిన్నెలో, ఒకే ఎసరులో ఉడికింది కాబట్టి ఆ మెతుకు గిన్నె మొత్తం గురించి సాక్ష్యం చెప్పగలదు. పక్క పొయ్యి మీది గిన్నె గురించి చెప్పలేదు.

దేశమంతా ఒకే గిన్నె అనేవారి వాదనకు ఆధారాలు లేకపోలేదు. యంత్రాలను తయారుచేసేవి బెంగళూరులోని బీఈఎల్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ అనే రెండు ప్రభుత్వ రంగ సంస్థలే. ఏ యంత్రం ఏ నియోజకవర్గానికి, ఏ పోలింగ్ కేంద్రానికి వెళుతుందో కంప్యూటర్ ద్వారా దశలవారీగా యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు. తయారీలోనో, సాఫ్ట్‌వేర్‌లోనో లోపం ఉంటే అది అంతటా చెదిరి ఉండాలి. అలా 2 శాతం లోపం మన ఊహాత్మక 175 సెగ్మెంట్లలో సమానంగా పరుచుకుని ఉంటే, సెగ్మెంటుకు ఐదు చొప్పున 875 చీటీలు తీశాక కూడా ఒక్కటీ బయటపడకపోయే అవకాశం పది కోట్లలో రెండు.

రెండో వర్గం అడిగేది వేరు. గెలుపోటములు దేశం మొత్తానికి కలిపి ప్రకటించరు, నియోజకవర్గాల వారీగా ప్రకటిస్తారు. తేడా ఒకే సెగ్మెంటులో గుమిగూడి ఉంటే, ఆ 175 సెగ్మెంట్లలో తీసిన 875 చీటీలలో 870 ఆ విషయంలో పనికిరానివే. అక్కడ తీసిన ఐదే లెక్కలోకి వస్తాయి, మళ్ళీ 9.7 శాతం దగ్గరికే వచ్చి నిలబడతాం. ఇలాంటి స్థానిక గందరగోళం యంత్రాల లోపం వల్లే రావాలని లేదు, సిబ్బంది పొరపాటు వల్లా రావచ్చు. సుప్రీంకోర్టు 2024 తీర్పులో ప్రస్తావనకు వచ్చిన మైదుకూరు ఉదాహరణ అలాంటిదే. 2019లో అక్కడి ఒక పోలింగ్ కేంద్రంలో వచ్చిన తేడాకు కారణం, మాక్ పోల్ (అసలు పోలింగ్‌కు ముందు యంత్రాన్ని పరీక్షించడానికి వేసే ఓట్లు) నాటి సమాచారాన్ని తొలగించకపోవడం.

నా దృష్టిలో రెండు పక్షాలూ వేర్వేరు ప్రశ్నలకు సరైన జవాబులు చెబుతున్నాయి. “ఈ వ్యవస్థలో విస్తారంగా లోపం ఉందా?” అన్నదానికి 20,625 చాలా ఎక్కువ. “ఈ నియోజకవర్గంలో ఈ ఫలితం సరైనదేనా?” అన్నదానికి ఐదు చాలా తక్కువ. సగం లెక్కిస్తే ఫలితాలు ఐదారు రోజులు ఆలస్యమవుతాయని ఎన్నికల సంఘం చెప్పింది. ఆ ఆలస్యం భరించదగినదా కాదా అన్నది ప్రజాస్వామ్యం తేల్చుకోవాలి, గుణకారం తేల్చదు. కానీ మొదటి ప్రశ్నకు చెప్పిన 479ని రెండో ప్రశ్నకు జవాబుగా చూపించడం మాత్రం సరి కాదు.

చీటీలు నిజంగా కలిశాయా?

ఇంతవరకూ చేసిన ప్రతి గుణకారమూ ఒక షరతు మీద ఆధారపడింది: మిగిలిన ప్రతి చీటీకీ సమాన అవకాశం ఉండాలి. ఆ షరతు తప్పితే ఏమవుతుందో అమెరికా 1969లో చూపించింది. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలోకి ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి డిసెంబరు 1న పుట్టినరోజుల లాటరీ తీశారు. 366 తేదీలను 366 నీలిరంగు ప్లాస్టిక్ గుళికల్లో పెట్టి గాజు పాత్రలో పోశారు. మొదట వచ్చినది సెప్టెంబరు 14. ఎంత ముందు వస్తే అంత త్వరగా పిలుపు.

గుళికలను జనవరి నుంచి నెలలవారీగా నింపుకుంటూ వచ్చారు, బాగా కలపలేదు. ప్రతి నెలకూ సగటు వరుస సంఖ్య 183 లేదా 184 చుట్టూ ఉండాల్సింది. జనవరిలో పుట్టినవారికి అది 201, డిసెంబరువారికి 121 దాటి కొంచెం. డిసెంబరు తేదీలు పైన ఉండిపోయి ముందే చేతికి తగిలాయి. మరుసటి ఏడాది తేదీలకొక పీపా, వరుస సంఖ్యలకొక పీపా పెట్టి పద్ధతి మార్చారు. మడతలు ఒకేలా ఉండటం, పాత్రను బాగా కుదపడం, అందరి ఎదుట తీయడం అనే నియమాలు తంతు కోసం పెట్టినవి కావు. అవి లేకపోతే పైన వేసిన ఒక్క భిన్నానికీ అర్థం లేదు.

ఎంపిక ఎవరిది అన్నదాన్ని బట్టి మారే అర్థం

ఎన్ని చీటీలు తీయాలో ముందే గీత గీయకుండా, ఆధిక్యాన్ని బట్టి నిర్ణయించే పద్ధతి కూడా ఉంది. ఆధిక్యం లక్ష ఓట్లయితే ఫలితం తారుమారు కావడానికి చాలా కేంద్రాల్లో తేడా ఉండాలి, కనుక కొద్ది చీటీలకే దొరికిపోతుంది. ఆధిక్యం కొన్ని వందలే అయితే ఒక్క కేంద్రం చాలు. 250లో ఒక్కదాన్ని ఐదు చీటీలతో పట్టుకునే అవకాశం 2 శాతమే, సగం చూసినా 50 శాతమే. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2017 నుంచి ఈ తర్కంతోనే ఎన్నికల తనిఖీ చేస్తోంది. యాదృచ్ఛికతను అందరూ చూడాలని అక్కడ పది ముఖాల పాచికలను బహిరంగంగా వేస్తారు.

మన దగ్గర 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు స్లిప్పులన్నీ లెక్కించాలన్న అభ్యర్థనను తోసిపుచ్చింది, ఐదు ఐదుగానే ఉంది. దానితో పాటు ఒక కొత్త వెసులుబాటు ఇచ్చింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో రాతపూర్వకంగా కోరితే, ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో 5 శాతం ఈవీఎంల మైక్రోకంట్రోలర్లను (యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం ఉండే చిప్‌లను) పరీక్షిస్తారు. ఏ యంత్రాలన్నది అభ్యర్థే ఎంచుకోవచ్చు.

250 కేంద్రాల సెగ్మెంటులో 5 శాతం అంటే దాదాపు పన్నెండు. చీటీల డ్రాతో తీసిన ఐదుకూ, అనుమానంతో ఏరిన ఈ పన్నెండుకూ స్వభావంలోనే తేడా ఉంది. అభ్యర్థికి స్థానిక సమాచారం బలంగా ఉంటే, ఏరిన పన్నెండు యాదృచ్ఛికంగా తీసిన వంద కన్నా ముందే తేడాను పట్టించవచ్చు. అవి సరిపోతే మాత్రం, చూడని 238 గురించి శాతాల్లో ఏమీ చెప్పలేం, ఎందుకంటే వాటికి సమాన అవకాశం ఎప్పుడూ దక్కలేదు. డ్రాలో తీసిన ఐదు సరిపోతే, మిగిలిన 245 గురించి చెప్పగలిగింది కొంచెమే అయినా, ఆ కొంచెం ఎంతో గుణకారంతో చూపించవచ్చు.